వచ్చినాక పనుండాది

“కూచో అప్పా, మద్రాసు లైను దొరికితే పిలుస్తా” అన్నాడు చెన్నకేశవులు, చువ్వల కిటికీ వెనక నుంచి, తల ఎత్తకుండానే. నంద్యాల పోస్టాఫీసులో ట్రంకాల్ రాయించుకున్న ప్రతి ఒక్కడికీ ఆయన చెప్పే మాట అదే, అదే గొంతుతో. కూర్చున్నాను. నీడలో ఉన్న బెంచీ కూడా మే నెల ఎండకు కాలుతోంది. లైను అరగంటకు దొరకవచ్చు, గంటకు దొరకవచ్చు, ఎక్కడో గాలివానకు స్తంభం పడిపోయిందంటే అసలు దొరకకపోవచ్చు, అట్లా పడిపోతే ఎంత బాగుండు అని కూడా అనిపించింది, ఎందుకంటే లైను దొరికిన మరుక్షణం అవతల నుంచి టిక్కెట్ల ఆఫీసు ఆనందరావు గారు నన్ను ఒకే ఒక ప్రశ్న అడుగుతారు, దానికి నా దగ్గర జవాబు లేదు. హజ్‌కు పోవడానికి బొంబాయి నుంచి జిద్దాకు మూడు విమానం టిక్కెట్లు, మా అమ్మకొకటి, నా భార్య అజీజున్నీసాకొకటి, నాకొకటి. అవి మామూలు టిక్కెట్లా, లేక పోలేకపోతే డబ్బు వెనక్కిచ్చే టిక్కెట్లా? వెనక్కిచ్చేవాటికి ధర బాగా ఎక్కువ. మామూలువైతే కొన్నాక మనం పోయినా పోకపోయినా డబ్బు వాళ్లదే. ఈ పొద్దు చెప్పకపోతే సీట్లు వేరేవాళ్లకు ఇచ్చేస్తారు. రాష్ట్రం వేరై మద్రాసు మనకు పరాయిదైపోయి ఏళ్లవుతోంది, ఆళ్లగడ్డవాడు ఆకాశంలోకి పోవాలంటే మాత్రం ఇంకా మద్రాసునే అడుక్కోవాలి.

పక్కన తలగుడ్డ చుట్టుకున్న పెద్దాయన ఒకడు కర్నూలు లైను కోసం కూర్చున్నాడు. సంజామల నుంచి వచ్చాడట. నన్ను ఎగాదిగా చూసి, కాస్త జరిగి చోటిచ్చి, మెల్లగా అడిగాడు: “ఎవురు పోయినారప్పా?” పాపం, ఆయన తప్పేమీ లేదు, ట్రంకాల్ అంటే ఎవరో పోయినట్టే కదా మన వైపు. “ఎవురూ పోలేదు పెద్దాయనా, మేమే పోతాండాం, హజ్‌కు” అన్నాను. “మంచిది, మంచిది, పుణ్యం” అన్నాడు. మంచిదే. కానీ ఆయన అడిగిన ప్రశ్న నా గుండెలో రెండు వారాలుగా తిరుగుతున్న ప్రశ్నకు అన్నో తమ్ముడో అయినట్టుంది. రంజాను వెళ్లిన వారానికి మా అమ్మ వాకిట్లో కూర్చుని చింతకాయ ఒలుస్తూ, వాన రాలేదన్నంత మామూలుగా, “ఆడ పోతే ఆడనే పూడుస్తారంటనే, ఇంగేం కావాలిరా మనిషికి” అంది. నేను జొన్నరొట్టె తింటున్నాను. తుంచిన ముక్క పళ్లెంలోనే పెట్టేశాను. “ఏందిమా ఆ మాటలు” అన్నాను. ఆమె చింతగింజలు ఒక పక్క, గుజ్జు ఒక పక్క వేసుకుంటూ కూర్చుంది. ఆ క్షణం నుంచి నాకు నిద్ర లేదు. మా అమ్మ మక్కాకు పోయి రావడానికి పోవడం లేదు. మక్కాలో ఉండిపోవడానికి పోతోంది. అక్కడ చనిపోవడం అదృష్టమని అందరూ అంటారు, నేనూ పది మందికి ఆ మాట చెప్పినవాడినే, కానీ ఆ అదృష్టం మా అమ్మకు పట్టబోతోందంటే నాకు వద్దనిపిస్తోంది. తీసుకుపోయి వదిలేసి రావడమా? ఒక సీటు ఖాళీగా పెట్టుకుని నేనూ అజీజూ తిరిగి వచ్చి, ఆ ఇంటి తలుపు తాళం తీయడమా?

లోపల ఎవరో ఉత్తరాల మీద ముద్రలు కొడుతున్నారు, టప్ టప్ టప్, కాసేపాగి మళ్లీ టప్. ఆ చప్పుడు వింటే మా నాయన గుర్తొస్తాడు. మేము దూదేకులవాళ్లం. మా నాయన కరీముల్లా పెద్ద విల్లు భుజాన వేసుకుని ఆళ్లగడ్డ చుట్టూ ఊళ్లన్నీ తిరిగేవాడు, గొర్రెపేగు తంతిని కొయ్యతో కొడితే అది టుంయ్ టుంయ్ మని మోగేది, ఆ మోతకు దూది విడిపోయి గదంతా తెల్లగా లేచేది. ఎండాకాలమంతా పరుపులు విప్పి ఏకి మళ్లీ కుట్టడమే పని. ఆయన ఏకితే అమ్మ కుట్టేది. ఆయన లేని రోజుల్లో అమ్మే విల్లు పట్టుకునేది, ఆడవాళ్లు పట్టరు అని ఎవరైనా అంటే “దూదికి తెలుస్తాదా ఆడదో మగోడో” అనేది. నేను ఆ విల్లు పట్టలేదు. గింజలు తీసే చిన్న జిన్ను మర పెట్టుకున్నాను, పత్తి నాలుగేళ్లుగా కలిసొచ్చింది, అందుకే ఈ విమానం మాటలు. మొదట ఓడలోనే పోదామనుకున్నాం. రంజాను ఆఖరి రోజుల్లో అమ్మ బావి దగ్గర కళ్లు తిరిగి పడిపోయింది. డాక్టరు చూసి గుండె కొంచెం నీరసంగా ఉంది, సముద్రం మీద అన్ని రోజులు ఊగడం పడదు, విమానమైతే కొన్ని గంటలే కాబట్టి పోవచ్చు, అయినా జాగ్రత్త అన్నాడు. ఆ “అయినా జాగ్రత్త” దగ్గరే నేను నిలిచిపోయాను. ఆయన పోవచ్చు అన్నాడు కదా అంటుంది అమ్మ. జాగ్రత్త అన్నాడు కదా అంటాను నేను. ఇద్దరం ఒకే డాక్టరు మాటను చెరో కొస పట్టుకుని లాగుతున్నాం. అజీజు మాత్రం నవ్వుతుంది, “ఆళ్లగడ్డలో ఇమానం ఎక్కే మొదటి ముసల్ది మా యత్తే” అని. అత్తాకోడళ్లిద్దరికీ భయం లేదు. కిటికీ తెరవొచ్చునా, నమాజుకు కిబ్లా తట్టు, మక్కా దిక్కు, ఎట్లా తెలుస్తుంది, ఇవీ వాళ్ల దిగుళ్లు. నేను విమానాన్ని చూసింది ఒక్కసారే, యుద్ధం రోజుల్లో, అది తక్కువ ఎత్తులో మా ఊరి మీదుగా పోతే కోళ్లన్నీ గంపల కింద దూరాయి. నేను కూడా ఆ కోళ్ల పార్టీవాడినే.

వెనక్కిచ్చే టిక్కెట్లు ఉన్నాయని ఆనందరావు గారు చెప్పగానే నాకు ప్రాణం లేచొచ్చింది. అవి చేతిలో ఉంటే బయలుదేరే ముందు రోజు దాకా నేను వద్దనొచ్చు. అమ్మ ముఖం కాస్త పాలిపోయినట్టు కనిపించిందా, కాళ్లు వాచినట్టున్నాయా, వద్దమ్మా వచ్చే ఏడు చూద్దాం అనొచ్చు. మామూలు టిక్కెట్లు కొన్నాక ఆ మాట నా నోట రాదు. వచ్చినా ఆమె వినదు, “దుడ్లు నీళ్లలో పోసినావురా” అని మూట ముందు పెట్టుకుని కూర్చుంటుంది. ఇంట్లో ఈ సంగతి ఎత్తాను. అమ్మ చేతిలో పని పక్కన పెట్టింది. “పోతానని మనసులో నియ్యత్తు చేసుకున్నోడు సగం కాలు లోపల, సగం కాలు బయట పెట్టడురా బుడేనూ. పోతానంటే పోతాననాల. పోకపోతే నా దుడ్లు నాకియ్యి అని దేవునితో బేరమా?” అంది. నేను దేవుడితో కాదు, విమానం కంపెనీతో బేరమాడుతున్నానని చెప్పాలనిపించింది. చెప్పలేదు, ఎందుకంటే నేను బేరమాడుతున్నది దేవుడితోనే. మా అమ్మను తీసుకోవద్దు, కావాలంటే ఇంకో పదేళ్లు ఆగు అని. ఆ సంగతి ఆమెకూ తెలుసనుకుంటా.

“కర్నూలు! ఎవరప్పా కర్నూలు?” సంజామల పెద్దాయన లేచి తలగుడ్డ సర్దుకుని పెట్టెలాంటి గదిలోకి పోయాడు. బయటికి వినబడేటట్టు అరుస్తున్నాడు, బర్రె ఈనిందట, దూడ బాగుందట. బర్రె ఈనినందుకు ట్రంకాల్ చేసే మనుషులూ ఉన్నారు, నేను దుఃఖం మోసుకుని కూర్చున్నాను. బర్రె అంటే గుర్తొచ్చింది, మా అమ్మ మా బర్రెను కూడా మాఫీ అడిగింది. హజ్‌కు పోయేవాళ్లు బయలుదేరే ముందు తెలిసిన వాళ్ల గడపలన్నీ తొక్కి, తెలిసో తెలియకో ఏదైనా అని ఉంటే మాఫ్ చేయండి అని అడిగి పోవాలి. మా అమ్మ రెండు వారాలుగా అదే పని మీద ఉంది. మనవాళ్ల ఇండ్లూ, రెడ్ల ఇండ్లూ, కోమటి అంగడీ, చాకలి రాములమ్మ ఇల్లూ, బస్సు స్టాండు దగ్గర బొరుగులమ్మే బాలస్వామి బండీ, ఏదీ వదల్లేదు. ఊరివాళ్లు కన్నీళ్లు పెట్టుకుని “మమ్మల్నే నువ్వు మన్నించల్ల తల్లీ” అని పంపారు. ఇంటికొచ్చి కొష్టంలోకి పోయి, తనను తన్నిన పాపానికి చీపురుతో రెండు దెబ్బలు వేశానని బర్రె మెడ నిమిరి అడిగింది. నేను నవ్వాలి. నవ్వు రాలేదు. మనిషి ఒక్కొక్క ముడీ విప్పుకుంటూ పోతోంది అనిపించింది. చెవి కమ్మలు మా చెల్లెలికి ఇచ్చేసింది. మంచి చీరలు పంచిపెట్టింది. మక్కాలోని జంజం బావి నీళ్లలో తడపడానికని, పోయినాక ఒంటికి చుట్టే కఫన్ గుడ్డ కొని మడతపెట్టి పెట్టెలో అన్నిటికన్నా పైన పెట్టుకుంది. కఫన్ తీసుకుపోయిన వాళ్లు చాలామంది దాన్ని తిరిగి తెచ్చి ఏళ్ల తరబడి పెట్టె అడుగున దాచుకున్నారని నాకు తెలియకకాదు. కానీ పైన పెట్టుకుంది కదా, అడుగున కాదు కదా. భయపడేవాడికి గుడ్డ మడత కూడా సాక్ష్యమే.

ఊరంతా తిరిగింది గాని ఒక్క గడప తొక్కలేదు, సుగుణమ్మ గడప. మా ఇంటికీ ఆ ఇంటికీ మధ్య ఒక గోడే. సుగుణమ్మ రెడ్ల ఇంటి ఆడబిడ్డ, నేను పుట్టినప్పుడు మంత్రసాని కంటే ముందు ఆమే వచ్చిందని చెబుతారు, నేనామెను చిన్నమ్మా అనే పిలుస్తాను. ఇద్దరూ సాయంకాలం అరుగు మీద కూర్చుంటే పొయ్యి మీద అన్నం అడుగంటినా లేచేవాళ్లు కాదు. ఆ స్నేహం ఒక పరుపు దగ్గర చెడింది. సుగుణమ్మ కొత్త దూది కొనిచ్చి పరుపు చేయమంది. నాయనా అమ్మా ఏకి కుట్టి ఇచ్చారు. నాలుగు రోజుల తర్వాత, నీళ్ల దగ్గర పది మంది ఆడవాళ్ల ముందు, “ఏమ్మే రహమత్‌బీ, కొత్త దూదిలో పాత దూది కలిపినారేమే, వీపుకు గడ్డలు తగుల్తాండాయి” అంది సుగుణమ్మ. ఆ మాట విని మా అమ్మ బిందె అక్కడే దించి ఇంటికొచ్చింది, ఆ పరుపుకు వచ్చిన కూలి మొత్తం తీసుకుపోయి సుగుణమ్మ గడప మీద పెట్టి, మాట్లాడకుండా తిరిగొచ్చింది. అంతే. అప్పటి నుంచి మాటల్లేవు. ఒక మాటేగదా పోనీలే అని నాయన బతికున్నన్నాళ్లూ చెప్పి చూశాడు. “పాలమ్మేటోళ్లను నీళ్లు కలిపినావంటే వాళ్లు నవ్వుతారు, ఎందుకంటే కలుపుతారు. మనల్ని పాత దూది కలిపినావంటే ఇంగ మనమేం మిగిలినాం?” అనేది అమ్మ. పీర్ల పండక్కి సుగుణమ్మ పానకం పంపడం మానలేదు. అమ్మ తాగడమూ మానలేదు, “పీర్లకు పంపింది, నాకు కాదు” అని చెప్పి మరీ తాగుతుంది.

ఈ పొద్దున ఆళ్లగడ్డలో బస్సెక్కితే ముందు సీట్లో సుగుణమ్మ ఉంది. కంటి అద్దాలకని నంద్యాల వస్తోంది. దారి పొడుగునా వెనక్కి తిరగలేదు, నేనూ పలకరించలేదు, ఏమని పలకరించాలి. ఇక్కడ దిగినప్పుడు మాత్రం చీర కొంగు నెత్తి మీద కప్పుకుని నా ముందు నిలబడింది. “ఏం బుడేనూ, మీ యమ్మ అందరిండ్లకూ పోయిందంటనే. మా ఇల్లు ఊర్లో లేదా?” అంది. కోపంగానే అంది, కానీ అడిగాక కదలకుండా నా జవాబు కోసం నిలబడింది. “వస్తాదిలే చిన్నమ్మా” అన్నాను, ఏదో ఒకటి అనాలి కదా. “ఎప్పుడొస్తాది? ఇమానం ఎక్కినాకనా?” అని విసవిసా పోయింది. మధ్యాహ్నం బస్సుకు మళ్లీ ఆమెతోనే తిరిగి పోవాలి. ఇప్పుడీ బెంచీ మీద కూర్చుంటే సిగ్గుగా ఉంది. దేవుడి ఇంటికి పోయే మనిషి, పక్కింటి మనిషితో ముడి విప్పుకోకుండా పోతుందా? పోయి అక్కడే ఉండిపోతే, ఆ మాట అట్లాగే ఉండిపోతుందా, గోడకు అటొక ముసలామె, ఎడారిలో ఒక మట్టిదిబ్బ? ఇదే నన్ను తేల్చుకునేలా చేసింది. ఇంక ఆలోచించేదేముంది, వెనక్కిచ్చేవే కొంటాను, ఎక్కువైతే ఎక్కువ, ఇంటికి పోయి అమ్మను నిలదీస్తాను, సుగుణమ్మ ఇంటికి పోయి రా, లేకపోతే టిక్కెట్లు రద్దు చేస్తానంటాను. అమ్మను బెదిరించడానికి ఒక ఆయుధం దొరికినట్టు సంబరపడ్డాను కూడా, యాభై దగ్గరపడిన మొగోడిని.

“మద్రాసు!” లేచాను. “నువ్వు కాదప్పా, బియ్యం మండీ వాళ్లు ముందు రాసిచ్చినారు. కూచో” అన్నాడు చెన్నకేశవులు. కూర్చున్నాను. కుండలో నీళ్లు తాగి ముఖం తుడుచుకుందామని తువ్వాలు కోసం సంచిలో చెయ్యి పెడితే వేళ్లకు చుట్ట తగిలింది. చల్లగా, నునుపుగా, కొంచెం జిడ్డుగా. తంతి. పొద్దున దిగగానే మొదట చేసిన పని అదే, బజారు వెనక సందులో గొర్రెపేగు తంతులు పేనే ముసలాయన దగ్గర కొని, చుట్టి, సంచిలో వేసుకుని మర్చిపోయాను. అమ్మ తెమ్మంది. బస్సు హారను కొడుతోంది, నేను మెట్టు మీద ఒక కాలు పెట్టి ఉన్నాను, ఆమె కిటికీ దగ్గరికి వచ్చి, “బుడేనూ, విల్లుకు తంతి తేరా. మంచిది చూడు, వేలితో మీటు, గొంతు బొంగురుగా ఉంటే వద్దను” అంది. “ఇప్పుడెందుకుమా తంతి, ఏకేటోడెవుడు?” అన్నాను. “నాకు పనుండాదిలే, వచ్చినాక” అంది. బస్సు కదిలింది. ముసలివాళ్ల ముచ్చట్లు అనుకున్నాను. నేను నంద్యాలకు పోయి వచ్చినాక, సాయంత్రం, అనుకున్నాను. కాదు. సాయంత్రం తంతి కట్టి ఏం ఏకుతుంది, ఇంట్లో విప్పిన పరుపొకటీ లేదు, ప్రయాణం సామాను తప్ప. నాయన పోయినప్పటి నుంచి ఆ విల్లు తంతి తెగి దూలానికి వేలాడుతోంది. మనవాళ్లెవరూ ఇప్పుడు చేత్తో ఏకరు. కమ్మలు ఇచ్చేసిన మనిషి, చీరలు పంచేసిన మనిషి, విల్లు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. ఇవ్వకపోగా తంతి తెప్పించుకుంటోంది. వచ్చినాక. ఎక్కడి నుంచి వచ్చినాక?

తంతి చేతిలో పట్టుకుని కూర్చుండిపోయాను. పోయిన శుక్రవారం మాట ఒకటి, విననట్టు విన్న మాట, ఇప్పుడు వచ్చి నా పక్కన కూర్చుంది. “సుగుణమ్మ చిన్నమ్మ ఇంటికి పోలేదేంమా?” అంటే, బియ్యం ఏరుతూ ఏమంది? “ఆ యింటికి వచ్చినాకనే. ఉత్త రహమత్‌బీగా ఆ గడప తొక్కను.” అదే మాట, వచ్చినాక. అప్పుడది మొండితనమనుకుని లేచిపోయాను. ఇప్పుడు మొత్తం కనిపిస్తోంది, మా అమ్మ కళ్లతో కనిపిస్తోంది. మక్కా నుంచి తిరిగొస్తుంది. హాజీబీ అవుతుంది. కొత్త తంతి కట్టిన విల్లు పట్టుకుని సుగుణమ్మ ఇంటికి పోతుంది. పది మంది ఆడవాళ్లను, అదే నీళ్ల దగ్గరి పది మందిని పిలుస్తుంది. తీయవే ఆ పరుపు, అంటుంది. విప్పి, వాకిట్లో చాప పరిచి, దూదంతా పోసి, టుంయ్ టుంయ్ మని ఏకి చూపిస్తుంది, చూడండమ్మా, ఇందులో పాత పోగు ఒక్కటి ఉంటే నా హజ్ దండగ అంటుంది. హజ్ చేసొచ్చిన మనిషి మాటను ఊరు కాదంటుందా? సుగుణమ్మ కాదంటుందా? అల్లాకు మొక్కడానికే పోతోంది, అందులో నాకు సందేహం లేదు, కానీ దారిలో ఈ చిన్న పని కూడా సంచిలో వేసుకుంది. ఊరంతా మాఫీ అడిగి ఒక్క కొట్లాట మాత్రం దాచిపెట్టుకుంది. చచ్చిపోవాలనుకున్న మనిషి కొట్లాటను దాచిపెట్టుకుంటుందా? కడుపులోంచి నవ్వు వచ్చింది. ఆపుకోలేకపోయాను. పైకే నవ్వాను, కళ్లలో నీళ్లు తిరిగేటట్టు నవ్వాను, స్టాంపులు కొనేవాళ్లు తిరిగి చూశారు, చెన్నకేశవులు కూడా మొదటిసారి తల ఎత్తి చూశాడు. రెండు వారాలుగా ఛాతీ మీద కూర్చున్న బండ ఎవరో లేచిపోయినట్టు లేచిపోయింది. డాక్టరు పోవచ్చు అన్నాడు కదా. అన్నాడు. ఆ కొసే పట్టుకుంటాను ఇంక. మౌల్వీ సాబుకు తెలిస్తే ఇది సరికాదంటాడేమో, మనసులో కోపం పెట్టుకుని పోకూడదంటాడేమో. అనవచ్చు. కానీ ముసలాళ్లను పుట్టించినవాడికి ముసలాళ్ల సంగతి తెలియదా?

“మద్రాసు! దూదేకుల బుడేన్ ఎవరప్పా? బేగా రా!” పెట్టె గదిలోకి పోయి తలుపు వేసుకోవడం మరిచిపోయాను. చెవిలో గుయ్యిమని ఏదో సముద్రం, దాని అవతల ఆనందరావు గారు. “బుడేన్ గారా? వినబడుతోందా? ఏం నిర్ణయించారండీ, మామూలువా, డబ్బు వెనక్కిచ్చేవా?” “మామూలువి సామీ! మూడూ మామూలువే!” అని అరిచాను. “మళ్లీ మార్చడానికి వీలుండదండీ. అమ్మగారి ఆరోగ్యం అన్నారు, బాగా ఆలోచించారా?” “ఆలోచించేదేం లేదు సామీ, పోతాది, తిరిగొస్తాది. ఈడ పనుండాది ఆమెకు!” అవతల ఆయనకు ఏమర్థమైందో, “సరే, రాసేస్తున్నా” అన్నాడు. అరిచి అరిచి గొంతు పోయింది. బయటికొస్తే సంజామల పెద్దాయన ఇంకా అక్కడే ఉన్నాడు, “మంచి వార్తేనా?” అన్నాడు. “మంచిదే పెద్దాయనా, మీ బర్రె లెక్కనే” అన్నాను. చెన్నకేశవులు కూడా నవ్వాడు. బయట ఎండ పొద్దుటి ఎండే, కాని నాకు అంత ఎండగా అనిపించలేదు. బజారులో అజీజుకు గలగలలాడే గాజులు కొన్నాను, ఎందుకో తెలియదు.

బస్సులో సుగుణమ్మ పక్క సీటే ఖాళీగా ఉంది. కొత్త అద్దాలు పెట్టుకుని ఉంది, వాటితో కళ్లు రెండింతలుగా కనబడుతున్నాయి. కూర్చున్నాను. నంద్యాల దాటాక మెల్లగా చెప్పాను, “చిన్నమ్మా, అమ్మ మీ ఇంటికి వస్తాది. హజ్ నుంచి వచ్చినాక. పరుపు విప్పి చూపిస్తాదంట, తంతి కూడా తెప్పించింది, ఇదో.” చుట్ట తీసి చూపించాను. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని వేలితో మీటింది, నాకు తెలిసి ఆ పని దూదేకులవాళ్లు తప్ప చేయరు, అరుగు మీద కూర్చున్న రోజుల్లో నేర్చుకుందేమో. అద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది, అద్దాలనో కళ్లనో. “ఆడనే ఉండిపోతాదేమోనని నాకు దిగులప్పా” అంది. “నాకూ అదే దిగులు చిన్నమ్మా, పొద్దున దాకా.” “ఆ పరుపులో గడ్డా లేదు గిడ్డా లేదురా. దాని మీద తప్ప నాకు నిద్ర పట్టదు. ఆ పొద్దు మా ఇంట్లో ఏదో అయ్యింది, ఆ చిరాకు తీసుకొచ్చి మీ యమ్మ మీద పడేసినా.” “ఈ మాట అమ్మకు చెప్పేదా?” అంటే నా ముంజేయి గట్టిగా పట్టుకుంది. “చెప్పగాకు! చెప్తే ఇంగ దేనికొస్తాది?” శిరివెళ్లలో బస్సు ఆగింది, ఎవరో దిగారు, ఎవరో మేకను ఎక్కించారు. మళ్లీ కదిలాక ఆమె అద్దాలు పెట్టుకుని కిటికీలోకి చూస్తూ అంది, “గడ్డలు ఇంగా తగుల్తాండాయని చెప్పు.”

దిగి ఇంటికి పోయేసరికి అమ్మ వాకిట్లోనే ఉంది. టిక్కెట్ల సంగతి అడగలేదు, చెయ్యి చాచి తంతి తీసుకుంది. వేలితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని, తల ఊపింది. “మామూలువే కొన్నానుమా” అన్నాను. “కొనక?” అంది. ఆ తర్వాత, ఏమీ పట్టనట్టు, తంతి చుడుతూ, “బస్సులో ఆ యమ్మ గూడా ఉండిందంటనే. ఏమన్నా అనిందా?” అని అడిగింది. గోడకు అవతల సుగుణమ్మ తలుపు గొళ్లెం తీస్తున్న చప్పుడు వినబడింది.

“అనిందిమా. పరుపులో గడ్డలు ఇంగా తగుల్తాండాయంట.”

మా అమ్మ ముఖం దీపం పెట్టినట్టు వెలిగింది. “అననీ” అంది, గోడ అవతలికి వినబడేటట్టు. “వచ్చినాక చూస్తా.”